నల్లరేగడిని తెలుసుకోవాలంటే ల్యాబ్ రిపోర్టు ఒక్కటే చాలదు

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంకెలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, ఈసీ (మట్టిలో కరిగిన ఉప్పుల అంచనా), సేంద్రియ కర్బనం. ఏ ఎరువు ఎంత వేయాలో తేల్చుకోవడానికి ఇవి పనికొస్తాయి, కాదనను. కానీ ఆ మట్టి నల్లరేగడా, ఎర్ర చెలకా అన్నది ఈ పన్నెండింటిలో ఏదీ నేరుగా చెప్పదు. బంకమన్ను ఎంత శాతం ఉందో, రాయి తగిలేదాకా నేల ఎంత లోతు ఉందో, ఆ మడి మెరకలో ఉందో పల్లంలో ఉందో అందులో కనిపించదు. పైగా నమూనా తీసేది పై 15, 20 సెంటీమీటర్ల లోపు నుంచే. నల్లరేగడి అసలు గుణం బయటపడేది అంతకంటే చాలా కింద.

నా వాదన ఇంతే: ఒక నేలను నిజంగా తెలుసుకోవాలంటే ల్యాబ్ అంకెలు, వాన-ఎండల లెక్కలు, ఆ నేల వాలులో ఎక్కడుందన్న వివరం, ఈ మూడూ ఒకే బల్ల మీదికి రావాలి. ఏ ఒక్కటి లేకపోయినా తప్పు నిర్ణయాలు జరుగుతాయి.

ముందు నల్లరేగడి అంటే శాస్త్రవేత్తల లెక్కలో ఏమిటో చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖ 1975లో అచ్చేసిన నేలల వర్గీకరణనే మన దేశంలో కూడా వాడతారు. అందులో ఇప్పుడు ప్రపంచంలోని నేలలన్నీ 12 పెద్ద తరగతులు. మన లోతైన నల్లరేగడి పడేది వర్టిసాల్ అనే తరగతిలో. ఆ పేరు రావాలంటే పైనుంచి అర మీటరు లోతుదాకా ప్రతి పొరలోనూ కనీసం 30 శాతం బంకమన్ను ఉండాలి, అప్పుడప్పుడూ నెర్రెలు విచ్చి మళ్ళీ మూసుకుపోతూ ఉండాలి, మీటరు లోపు ఎక్కడో ఒకచోట 25 సెంటీమీటర్లు తగ్గని మందాన స్లికెన్‌సైడ్లు అనే నున్నటి మెరిసే పలకలుగానీ, గొడ్డలి మొనలా ఒకవైపు సన్నబడుతూ ఏటవాలుగా చీలే మట్టి గడ్డలుగానీ కనిపించాలి. గమనించారా, ఇందులో రంగు ప్రస్తావనే లేదు. మనం నేలను గుర్తుపట్టేదే నలుపు చూసి, అయినా ఆ నలుపుకు ఈ నిర్వచనంలో చోటు లేదు. దానికి గట్టి కారణమే ఉంది. రష్యా, ఉక్రెయిన్‌లలోని చెర్నోజెమ్ నేలలూ నల్లగానే ఉంటాయి, కానీ వాటి నలుపు శతాబ్దాల తరబడి కుళ్ళిన గడ్డి వేర్ల వల్ల వచ్చింది, సేంద్రియ కర్బనం దండిగా ఉంటుంది. మన నల్లరేగడిలో చాలాచోట్ల కర్బనం ఒక శాతం కూడా ఉండదు. ఆ ఉన్న కొంచెమే బంకమన్నుతో గట్టిగా పెనవేసుకుని మట్టినంతా నల్లగా చూపిస్తుంది. నల్లగా ఉంది కాబట్టి బలమైన నేల, ఎరువు అక్కర్లేదు అనుకోవడం మన రైతులకు బాగా నష్టం చేసిన అపోహ.

ఇక స్లికెన్‌సైడ్ల సంగతి, నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఎండాకాలంలో నేల నెర్రెలిస్తుంది, పై మట్టి ఆ నెర్రెల్లోకి రాలుతుంది. వానలు పడగానే లోపలి మట్టి ఉబ్బుతుంది, కానీ రాలిన మట్టి అప్పటికే చోటు ఆక్రమించి ఉంటుంది కాబట్టి ఉబ్బడానికి జాగా చాలదు. పైన బరువు, పక్కల ఒత్తిడి, దాంతో మట్టి ముద్దలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి జారి రాసుకుంటాయి. ఆ రాపిడికి వాటి ముఖాలు నున్నగా, సన్నటి గీతలతో పాలిష్ పట్టినట్టు తయారవుతాయి. నడుము లోతు గుంత తీసి ఒక గడ్డను చేత్తో విరిస్తే ఈ మెరుపు కళ్ళకే కనిపిస్తుంది, ఏ యంత్రమూ అక్కర్లేదు. రేగడి నేలల్లో కంచె స్తంభాలు ఒరగడానికి, గోడలు పగలడానికి కారణం ఈ కదలికే. ఇలాంటి నేలల కోసమే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ, అడుగు భాగం గంటలా వెడల్పయ్యే పైల్ పునాదుల పద్ధతిని తయారుచేసింది.

ల్యాబ్‌లో ఏం కొలుస్తారు? మొదటిది బంకమన్ను శాతం. 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని రేణువులను బంకమన్ను అంటారు. మట్టిని నీళ్ళలో కలియబెట్టి వదిలేస్తే ఇసుక సెకన్లలో కిందికి దిగుతుంది, బంకమన్ను గంటల తరబడి తేలుతూనే ఉంటుంది, హైడ్రోమీటరుతో ఆ తేడాను పట్టుకుంటారు. ఇక్కడే ఒక చిక్కుంది. రేగడిలో సున్నం రేణువులను అంటించి పట్టుకుంటుంది, వాటిని సరిగ్గా విడదీయకుండా కొలిస్తే బంకమన్ను తక్కువగా, ఒండ్రు (ఇసుకకూ బంకమన్నుకూ మధ్య సైజు రేణువులు) ఎక్కువగా కనిపిస్తుంది. తొందరపడి చేసిన పరీక్ష నల్లరేగడిని మామూలు నేలగా చూపించగలదు.

బంకమన్ను ఎంత ఉందన్న దానికంటే ఎలాంటిది ఉందన్నది ఇంకా ముఖ్యం. ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండే కయోలినైట్ పెద్దగా ఉబ్బదు. రేగడిలో ఉండేది స్మెక్టైట్, దీని పొరలు పూతరేకుల మడతల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, మధ్యలోకి నీళ్ళు దూరి వాటిని ఎడంగా నెడతాయి. ఎక్స్-రేలు మట్టి పొరల మీద చెదిరే తీరును చదివే ఎక్స్-రే డిఫ్రాక్షన్ పద్ధతిలో ఈ ఎడాన్ని కొలుస్తారు. మెగ్నీషియంతో నింపిన స్మెక్టైట్‌లో పొర నుంచి పొరకు 14, 15 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) ఉంటే, గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే అది 17 దాకా విచ్చుకుంటుంది. పొటాషియంతో నింపి 550 డిగ్రీల దగ్గర కాలిస్తే 10కి మూసుకుపోతుంది. ఈ విచ్చుకోవడం, ముడుచుకోవడం కనబడితే స్మెక్టైట్ ఉందని చెప్పొచ్చు.

అంత యంత్రం అందుబాటులో లేకపోతే లెక్కతోనూ చాలావరకు తేల్చుకోవచ్చు. మట్టి పోషకాలను పట్టి ఉంచే శక్తిని సీఈసీ అంటారు, దాన్ని బంకమన్ను శాతంతో భాగించండి. బంకమన్ను 50, సీఈసీ 45 వస్తే నిష్పత్తి 0.9. ఇది 0.6 దాటిందంటే స్మెక్టైట్‌ను అనుమానించాలి. అదే బంకమన్నుకు సీఈసీ 10 దగ్గర ఆగిపోతే అది కయోలినైట్ రాజ్యం. రెండిట్లోనూ బంకమన్ను 50 శాతమే, సాగులో మాత్రం వేటి దారి వాటిదే.

ఉబ్బే గుణాన్ని నేరుగా కొలిచే పద్ధతులూ ఉన్నాయి. ఇంజనీర్లు సన్నగా జల్లించిన పొడి మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోసి, ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో కిరోసిన్ నింపి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో బంకమన్ను ఉబ్బదు. అందులో మట్టి 10 మిల్లీలీటర్ల దగ్గర ఉండి నీళ్ళలో 18కి చేరిందంటే ఉబ్బు 80 శాతం. నేల శాస్త్రవేత్తలు పొడి చేసిన మట్టిని నమ్మరు, గడ్డ గడ్డగానే తెచ్చి దానికి పల్చటి ప్లాస్టిక్ పూత వేసి, తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరబెట్టాక ఒకసారి సాంద్రత కొలుస్తారు. తడిలో 1.3, పొడిలో 1.7 వచ్చిందనుకుందాం, ఆ నిష్పత్తికి ఘనమూలం తీసి ఒకటి తీసేస్తే సుమారు 0.09. అంటే ఒక మీటరు పొడవున్న పొడి మట్టి తడిస్తే 9 సెంటీమీటర్లు సాగుతుంది. 0.06 దాటితేనే బాగా ఉబ్బే నేలగా లెక్క. నాకు ఈ గడ్డ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే పొలంలో ఉండేది జల్లించిన పొడి కాదు కదా.

ఇప్పటిదాకా చెప్పిందంతా మట్టికి ఏం చేయగల శక్తి ఉందో చెబుతుంది. అది ఎప్పుడు, ఎంత చేస్తుందన్నది వాతావరణం చేతిలో ఉంది. ఎంత స్మెక్టైట్ ఉన్నా ఏడాది పొడవునా తడిగా ఉండే చోట నెర్రెలు రావు. అందుకే వర్గీకరణలో ఏడాదికి మొత్తం 90 రోజులో అంతకంటే ఎక్కువో నెర్రెలు తెరుచుకుని ఉండే వర్టిసాళ్ళకు విడిగా ఒక గుంపు ఉంది, మనవి ఎక్కువగా ఆ గుంపులోవే. నేల వేడిని కూడా అర మీటరు లోతులో కొలిచి, ఏడాది సగటు 22 డిగ్రీలు దాటిందా, వేసవికీ చలికాలానికీ తేడా 6 డిగ్రీల లోపేనా అని చూస్తారు.

వాన ప్రభావం ఎంత నాటకీయంగా ఉంటుందో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ కొలతలు చెబుతాయి. అక్కడి నల్లరేగడిలో నీళ్ళు ఇంకే వేగం మొదటి అరగంటలో గంటకు 76 మిల్లీమీటర్ల చొప్పున ఉంది, నీళ్ళు నెర్రెల్లోంచి దూకుతాయి కాబట్టి. ఆరు రోజులు గడిచి నెర్రెలన్నీ మూసుకున్నాక అదే నేలలో వేగం గంటకు 0.2 మిల్లీమీటర్లు. ఒకే మడి, ఒకే మట్టి! ఇంకుడు వేగం ఎంత అని ఒక్క అంకె అడిగితే ఏది చెప్పాలి? నేల ఎంత తడిగా ఉందో చెప్పకుండా ఆ అంకెకు అర్థమే లేదు.

వాతావరణం ఇంకో పని కూడా చేస్తుంది, నెమ్మదిగా, వేల ఏళ్ళ మీద. నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థలో డి.కె. పాల్, ఆయన సహచరులు దీన్ని చాలాకాలం పరిశోధించారు. వాన తక్కువైన కొద్దీ నేలలోని నీళ్ళు కిందికి దిగిపోకుండా అక్కడే ఆవిరవుతాయి, కాల్షియం సున్నంగా గడ్డకట్టి బయటికి వచ్చేస్తుంది, మిగిలిన నీళ్ళలో సోడియం వాటా పెరుగుతుంది. ఆ సోడియం బంకమన్నును అంటుకుని దాన్ని చెదరగొడుతుంది, చెదిరిన మన్ను సందుల్ని పూడ్చేస్తుంది, లోపల నీళ్ళు కదలవు. విదర్భలోని పూర్ణా లోయలో ఇదే జరిగింది. పైకి చూస్తే చక్కటి నల్లరేగడి, తెల్లటి ఉప్పు పొర కూడా కనిపించదు, ఈసీ మామూలే, కానీ కింద పొరల్లో చౌడు. పత్తికి వేరు దిగే చోట గాలీ నీరూ ఆడవు. 1954 నాటి అమెరికా చేతిపుస్తకం, బంకమన్నుకు అంటుకున్న వాటిలో సోడియం వాటా 15 శాతం దాటితేనే చౌడు అంది, ఆస్ట్రేలియా వాళ్ళు తమ నేలలు చూసి 6 శాతానికే హద్దు గీశారు. మన రేగడిలో 5 శాతం దగ్గరే నష్టం మొదలవుతుందని నాగపూర్ బృందం వాదించింది. పై 15 సెంటీమీటర్ల నమూనాలో ఈ సంగతి బయటపడే అవకాశం చాలా తక్కువ.

మూడోది వాలు. 1941లో నేల శాస్త్రవేత్త హాన్స్ జెన్నీ నేల పుట్టుకకు వాతావరణం, జీవులు, నేల ఎత్తుపల్లాలు, మూల శిల, కాలం అని ఐదు కారణాలు చెప్పాడు. మన దగ్గర ఎత్తుపల్లాల ప్రభావం బస్సు కిటికీలోంచి కూడా కనిపిస్తుంది. తెలంగాణలో గ్రానైట్, నైస్ అనే రకం రాళ్ళ మీద మెరకన ఎర్ర చెలక, అదే వాలు దిగువన పల్లంలో నల్లరేగడి. శిల ఒకటే, వానా ఒకటే. మెరక నుంచి సిలికా, కాల్షియం, మెగ్నీషియం నీళ్ళతో దిగి పల్లంలో చేరతాయి, అక్కడ స్మెక్టైట్ పుట్టడానికీ నిలబడడానికీ కావలసిన సరుకు దొరుకుతుంది. మెరకన అవి కడుక్కుపోయి కయోలినైటూ, ఇనుము తుప్పు ఎరుపూ మిగులుతాయి. అలాగని నల్లరేగడంతా పల్లంలోనే పుట్టిందనుకోకూడదు. దక్కన్‌లో సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా రాళ్ళ మీద, నంద్యాల వైపు సున్నపురాయి ప్రాంతాల్లో, కృష్ణా డెల్టాలో నది తెచ్చిన ఒండ్రు మీద కూడా అది ఉంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నా లోతు, సున్నం, మురుగు పోయే దారి అన్నీ వేరు.

లోతు సంగతే తీసుకోండి. ఒకటిన్నర మీటరు పైబడిన రేగడి 200 మిల్లీమీటర్లకు మించి పంటకు అందే నీళ్ళు దాచుకుంటుంది, రబీ శనగా జొన్నా ఆ తేమ మీదే గట్టెక్కుతాయి. అదే రేగడి వాలు మీద అర మీటరుకే రాయి తగిలితే ల్యాబ్ రిపోర్టు మారదు, పంట మాత్రం పుష్యమాసానికే వాడిపోతుంది.

మూడూ కలిపి చూస్తే ఏమవుతుందో ఇక్రిశాట్ చేసి చూపించింది. 1976 నుంచి అక్కడ ఒక చిన్న పరీవాహక ప్రాంతంలో లోతైన నల్లరేగడిని రెండు రకాలుగా సాగు చేస్తూ పోల్చారు. పాత పద్ధతిలో ఖరీఫ్‌లో పొలం ఖాళీ, రబీలో ఒక పంట. ఇలా వదలడం రైతుల బద్ధకం కాదు. వానాకాలంలో రేగడికి పదును దొరికేది ఒకటి రెండు రోజులే, దాటితే బురద, ఆరితే రాయి, కాలు పెట్టలేం, గుంటక తోలలేం. కొత్త పద్ధతిలో వాలును బట్టి వెడల్పాటి బోదెలు, మధ్యలో కాలువలు తీసి మురుగు పోయే దారి ఇచ్చారు, వాన రాకముందే పొడి నేలలో విత్తారు, రెండు పంటలు తీశారు. దీర్ఘకాలపు సగటు చూస్తే హెక్టారుకు ఏటా 5 టన్నుల గింజ, పాత పద్ధతిలో ఒక టన్ను పైచిలుకు.

ఈ అంకె చూసి రేగడి ఉన్న ప్రతిచోటా ఇదే చేయండి అనబోతే అక్కడే దెబ్బ తింటాం. పొడి విత్తనం నిలవాలంటే తొలి వానలు నమ్మకంగా పడాలి. ఏటా 750 మిల్లీమీటర్లు దాటే చోట లోతైన రేగడికి ఇది సరిపోతుంది. కర్నూలు పడమటి మండలాల్లో వాన 600 దరిదాపుల్లోనే, అదీ సెప్టెంబరు చుట్టూ ముసురుకుంటుంది. అక్కడి రైతు ఖరీఫ్ వదిలేసి తేమ దాచుకుని శనగ వేస్తున్నాడంటే, వాన లెక్కలు మనకంటే ముందే తెలిసి వేస్తున్నాడు. కాబట్టి నేను అడిగేది చిన్న మార్పు: కార్డులో బంకమన్ను శాతం, మీటరు లోతులో సోడియం వాటా, రాయి తగిలే లోతు, వాలులో చోటు, ఈ నాలుగు గడులు చేర్చాలి. మొదటి రెంటికీ ప్రతి మడికీ పరీక్ష అక్కర్లేదు, ఊరికి నాలుగైదు గుంతలు మెరక నుంచి పల్లందాకా వరసగా తీసి చూస్తే చాలు. మిగతా రెండూ పార పట్టిన ఎవరైనా రాయగలరు.