పదహారు చుక్కల్లో శ్రీకాకుళం

చిన్నీ, నానీ,

సైన్స్ క్లబ్బు కోసం మీరు వేసిన బొమ్మ అందింది. పెద్దది చేసి చూస్తే ఎంత ముచ్చటగా ఉందో! అరసవల్లి సూర్యుడి రథం, ఏడు గుర్రాలు, చుట్టూ వంపుగా క్లబ్బు పేరు, కింద శ్రీకాకుళం. గుర్రాల జూలు కూడా వదల్లేదు మీరు. అదే బొమ్మ మీ గ్రూపు డీపీలో మాత్రం కుంకం మరకలా ఉంది. "యాప్‌లో ఏదైనా తేడానా తాతయ్యా?" అని అడిగారు. యాప్ తప్పేం లేదు. ఫోన్‌లో చెబితే తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ విజయనగరంలో, మూడు లాంతర్ల దగ్గర ప్రెస్సులో నేను సీసం అక్షరాలు పేర్చిన రోజుల్లో 8 పాయింట్ల అక్షరాలు ఒక పెట్టెలో, 24 పాయింట్లవి ఇంకో పెట్టెలో ఉండేవి. ఏ సైజుకి ఆ సైజు విడిగా పోత పోసిన అచ్చు. మంచి అచ్చులో చిన్న అక్షరమంటే పెద్ద అక్షరానికి నకలు కాదు. గీత కొంచెం లావుగా, లోపలి ఖాళీ కొంచెం విశాలంగా ఉండేది. ఆ ఖాళీ చాలకపోతే సిరా నిండి 'ల'కీ 'అ'కీ కన్ను మూసుకుపోతుంది. మీ గుర్రాలకి జరిగింది అదే, సిరా లేకుండా.

సంక్రాంతికి నానమ్మ వేసే ముగ్గు గుర్తు తెచ్చుకోండి. "16 చుక్కలు, 16 వరసలు" అంటుంది కదా. కంప్యూటర్‌లో వెబ్‌సైట్ తెరిస్తే పైన ట్యాబ్ మీద కనబడే గుర్తుకి కూడా మామూలుగా అంతే స్థలం, 16 × 16 చుక్కలు (పిక్సెళ్ళు అంటారే, అవే). మెరుగైన తెరలకి 32 × 32. ముగ్గులో చుక్కల చుట్టూ గీత తిప్పుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు, చుక్కే గీత. ఒక్కో చుక్కకి ఒక్కటే రంగు.

మీ బొమ్మ 1024 చుక్కల వెడల్పు, అంతే ఎత్తు. దాన్ని 32కి కుదిస్తే, పాత చుక్కలు 32 అడ్డంగా, 32 నిలువుగా, మొత్తం 1024 కలిసి ఒక్క చుక్క అవుతాయి. కంప్యూటర్ వాటి రంగులకి సగటు కట్టి అక్కడ పెడుతుంది. మీ గుర్రం కాలు 6 చుక్కల లావు. 32లో 6 అంటే అయిదో వంతు కూడా లేదు. మిగతాదంతా వెనకనున్న రంగే. డీపీ మరీ ఇంత చిన్నది కాకపోయినా జరిగింది ఇదే, అందుకే కాలు కాలుగా కాక వెలిసిపోయిన నీడగా మిగిలింది. ఏడు గుర్రాలకి కాళ్ళెన్నో లెక్కేసుకోండి, మరక ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

కాబట్టి కుదించొద్దు, మళ్ళీ వేయండి. 1984లో వచ్చిన మెకింటాష్ కంప్యూటర్‌కి గుర్తులు వేసిన సుసాన్ కేర్ గళ్ళ నోటుబుక్ కొనుక్కుని, అందులో 32 × 32 గళ్ళు గీసుకుని, ఒక్కో గడీ నింపుకుంటూ మొదలుపెట్టారు. మీరూ అలాగే చేయండి. గుర్రాల్ని వదిలేయాలంటే బాధగానే ఉంటుంది, నాకు తెలుసు. అయినా చిన్న బొమ్మలో సూర్యుడొక్కడే చాలు. కిరణాలు 12 వేయకండి, 8 వేయండి. అడ్డం, నిలువు, ఐమూల గీతలు గళ్ళలో శుభ్రంగా కూర్చుంటాయి. మిగతా వాలు గీతలు మెట్లు మెట్లుగా వస్తాయి. గీత సరిగ్గా గడిలో పడేట్టు కూడా చూడండి. సగం ఈ గడి, సగం ఆ గడి అయితే ఒక నల్ల గీతకి బదులు రెండు బూడిద గీతలు వస్తాయి.

ఇక అక్షరాలు. నాకు అసలు ప్రాణం ఇక్కడే. ఇంగ్లీషు 'ఈ' అక్షరానికి 5 వరసలు చాలు: గీత, ఖాళీ, గీత, ఖాళీ, గీత. మన 'శ్రీ' చూడండి. పైన గుడి దీర్ఘం, దానికి 3 వరసలు. మధ్యలో శ, దానికి కనీసం 5. కింద ఒక వరస ఖాళీ, ఆ తర్వాత ఎడమ పక్కకి వంపు తిరిగే క్రావడికి 2. మొత్తం 11. ఇంకా కా, కు, ళ, సున్నా ఉన్నాయి. నేను గళ్ళ కాగితం మీద వేసి చూశాను, శ్రీకాకుళం మొత్తానికి తక్కువలో తక్కువ 40 నిలువు వరసలు కావాలి. 16లో పట్టదు, 32లోనూ పట్టదు. చిన్న గుర్తులో ఊరి పేరు వద్దు. ఒక్క 'శ్రీ' ఉంచండి. పేరంతా రాయాల్సిన చోట ఒత్తులకీ గుళ్ళకీ చోటుండేలా ఎత్తు ముందే అడిగి పుచ్చుకోండి.

ఇంకొకటి, మీరు జేపెగ్‌లో సేవ్ చేశారు. 1992లో ప్రమాణంగా వచ్చిన ఆ పద్ధతి ఫోటోల కోసం పుట్టింది. బొమ్మని 8 × 8 చుక్కల ముక్కలుగా తీసుకుని, కంటికి అంతగా ఆనని సన్నని మార్పుల్ని తగ్గించి దాస్తుంది. ఆకాశానికి, ముఖానికి అది బాగానే ఉంటుంది. అక్షరానికి ఆ సన్నని అంచులే ఆధారం. అవి పోతే చుట్టూ దుమ్ము లేస్తుంది. పైగా చాలాసార్లు నాలుగు చుక్కలకి కలిపి ఒకే రంగు దాస్తుంది, వెలుగు మాత్రం ఏ చుక్కది ఆ చుక్కకే ఉంటుంది. మీరేమో ఆకుపచ్చ మీద ఎర్ర అక్షరాలు రాశారు. రెండిటి వెలుగూ ఇంచుమించు ఒకటే. బొమ్మని ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి, పేరు మాయమవుతుంది. నలుపు తెలుపులో చదవగలిగితేనే రంగులు వేయండి. సేవ్ చేయడం పీఎన్‌జీలో. 1996లో వచ్చిన ఆ పద్ధతి ఒక్క చుక్క కూడా పారేయదు. పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

నానీ, బ్యాంకు పరీక్షలకి అన్నయ్య అప్లికేషన్ పెడుతున్నాడు కదా. ఆ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ళు సంతకానికి 140 × 60 చుక్కలు, 10 నుంచి 20 కేబీ అంటారు. కాగితమంతా ఫోటో తీసి కుదించొద్దని చెప్పు. తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో సంతకం పెట్టి, ముందు దాని చుట్టూ కత్తిరించి, తర్వాత ఒకే ఒక్కసారి కుదించమను. కుదించినదాన్నే మళ్ళీ కుదిస్తే గీతలు విరుగుతాయి.

ఈ కవరులో గళ్ళ కాగితాలు నాలుగు పెట్టాను. మొదటిదాని మీద 16 గళ్ళలో 'శ్రీ' నేనే వేశాను. గుడి బాగానే వచ్చింది. క్రావడి మాత్రం శకి అంటుకుపోతోంది, మధ్యలో ఖాళీ వరస ఉంచితే సూర్యుడికి చోటు చాలడం లేదు. మీరిద్దరూ కూర్చుని చూడండి. కుదిరితే ఆ కాగితాన్నే వెనక్కి పంపండి, ఫోటో వద్దు.

మీ తాతయ్య