స్టార్ట్ అయితే బాగున్నట్టేనా? పాత కార్ల గురించి అపోహలు, వాస్తవాలు

పోయిన నెల పరకాల దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం ఆగడం లేదు. "అన్నా, మా తాత స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఇరవై ఏండ్ల సంది కొట్టంల పడి ఉండె. నిన్న కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టిన. రెండో దెబ్బకే అందుకున్నది! వీడియో పంపుతున్న, జూడు" అన్నాడు.

చూశాను. మొదట ఇంజన్ మోత, పిల్లల చప్పట్లు, వెనక పొగ. కాసేపటికి లోపల్నుంచి సన్నగా గీకుడు చప్పుడు. ఆ చప్పుడు వినగానే నా ప్రాణం ఉసూరుమంది. వారం తర్వాత హెడ్ విప్పితే రెండో సిలిండర్‌లో పిస్టన్ రింగు విరిగి ఉంది, బోరు (సిలిండర్ లోపలి గోడ) నిండా నిలువు గీతలు. రెండు వందల రూపాయల ఆయిల్, ఒక వారం ఓపిక ఉంటే మిగిలేదానికి ఇప్పుడు బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్లు వెతకాలి.

హన్మకొండలో షెడ్డు పెట్టి ఇరవై రెండేళ్లయింది. నెలకు నాలుగైదు సార్లు ఇదే మాట వింటాను. "స్టార్ట్ అయింది" అంటారు, లేకపోతే "స్టార్ట్ చేసి చూపించు, కొంటా" అంటారు. అందుకే రాస్తున్నాను.

అపోహ: ఇంజన్ స్టార్ట్ అయితే బండి బాగున్నట్టే.

వాస్తవం: ఏళ్ల తరబడి ఆగిన బండికి సెల్ఫ్ కొట్టడమే దానికి మీరు చేసే మొదటి హాని. బండి ఆగినప్పుడు ఏదో ఒక వాల్వు తెరుచుకునే ఉంటుంది. అందులోంచి వానాకాలపు తేమ సిలిండర్‌లోకి పోతుంది. రింగుకూ బోరుకూ మధ్య తుప్పు పట్టి రెండూ అతుక్కుంటాయి. వాల్వు తను జారే గైడ్ గొట్టంలో బిగుసుకుంటుంది. బేరింగుల మీది ఆయిల్ ఎప్పుడో ఇంజన్ అడుగున ఉండే సంపులోకి జారిపోయి ఉంటుంది. అలాంటి ఇంజన్‌ను సెల్ఫ్ బలంతో ఒక్కసారిగా తిప్పితే రింగు విరుగుతుంది, పుష్‌రాడ్ వంగుతుంది, బేరింగులు పొడిగా రాసుకుంటాయి. తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగి స్టార్ట్ చేసేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

ప్లగ్గులు తీయండి. ఒక్కో సిలిండర్‌లోకి నాలుగైదు చెంచాల డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వారం రోజులు వదిలేయండి. తర్వాత పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పండి. తిరగకపోతే బలవంతం వద్దు, మళ్లీ పోసి మళ్లీ ఆగండి. నా షెడ్డులో ఒక ఫియట్ ఇంజన్ నలభై రోజులకు కదిలింది. కదిలాక పైకవర్ తీసి వాల్వులన్నీ లేచి పడుతున్నాయా చూడండి. పాత ఆయిల్ మొత్తం దించండి, మొదట నీళ్లే వస్తే ఆశ్చర్యపోకండి. కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పి, పైదాకా ఆయిల్ ఎక్కిందని కంటితో చూశాక పెట్రోల్ మాట. ఆ పెట్రోల్ కూడా ట్యాంకులోది కాదు, సీసాలోంచి. పాత ట్యాంకులోని పెట్రోల్ ఎప్పుడో జిగురైపోయి ఉంటుంది.

బ్యాటరీ పెట్టేముందు ఇంకొకటి. 1960ల నాటి చాలా ఇంగ్లిష్ బండ్లలో ప్లస్ వైపే ఎర్త్, అంటే బాడీకి కలిపేది. అలవాటు కొద్దీ తిప్పి కలిపితే డైనమో, దాని రెగ్యులేటర్ పాడవుతాయి.

ఇది ఒక సగం. డబ్బు ఎక్కువగా పోయేది రెండో సగంలో.

ఇంజన్ బాగుంటే చాలు, మిగతాది "డెంటింగ్ పెయింటింగే కదా" అనుకుంటారు. లెక్క తలకిందులు. ఇంజన్ పని ఇంత అని ముందే చెప్పగలను. లేత్ పని, పిస్టన్లు, రింగులు, గ్యాస్కెట్లు, నెల రోజులు. రేకు పని మాత్రం లప్పం (రేకు గుంతలు పూడ్చే పుట్టీ) గీకి చూసేదాకా నేనే కాదు, ఎంత పెద్ద మేస్త్రీ అయినా చెప్పలేడు. హెరాల్డ్‌లోని 948 సీసీ ఇంజన్ పోత ఇనుముది, మొండిది. దాని చుట్టూ ఉన్న రేకు మాత్రం మన వానలకూ పశువుల కొట్టానికీ తట్టుకునేది కాదు. పెండ, మూత్రం, తడి నేల ఉన్నచోట పదేళ్లు నిలబెడితే కింది రేకు వేలితో నొక్కితే పోతుంది.

హెరాల్డ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే స్పోర్ట్స్ కారు కావాలని వచ్చే కుర్రాళ్లకు ఇది తెలియదు. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ వాళ్లు 1959లో తెచ్చిన బండి ఇది, గీసింది ఇటలీకి చెందిన మికెలొట్టి. దాన్నే స్టాండర్డ్ మోటార్ వాళ్లు మద్రాసులో 1961 నుంచి తయారు చేశారు. ఇదే ఛాసిస్‌ను, అంటే కింది ఇనుప చట్రాన్ని, పొట్టి చేసి, అదే మికెలొట్టి గీతతో 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ వచ్చింది. రెండు సీట్ల అసలైన స్పోర్ట్స్ కారు. అంటే నర్సంపేటలోనో జగిత్యాలలోనో రైస్‌మిల్లు వెనక పడి ఉన్న హెరాల్డ్, పేరున్న స్పోర్ట్స్ కారుకు సొంత అన్న. బానెట్ మొత్తం ముందుకు ఒంగడం, నాలుగు చక్రాలకు విడివిడి సస్పెన్షన్, ఇరుకు సందులో కూడా ఇట్టే తిరగడం, ఆ కాలంలో మన దగ్గర తయారైన వేరే బండికి ఇవన్నీ కలిసి లేవు.

కానీ అన్నదమ్ములిద్దరికీ ఒక తేడా ఉంది, అదే ఒకాయన కొంప ముంచింది. హెరాల్డ్‌కు బలమంతా కింది ఛాసిస్‌లో ఉంటుంది, బాడీ ముక్కలు ముక్కలుగా దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. స్పిట్‌ఫైర్‌కు ఆ ఛాసిస్‌లో పక్క పట్టీలు లేవు. డోర్ల కింద ఉండే పెట్టె లాంటి రేకే బండి నడుం. రెండేళ్ల కిందట కరీంనగర్ సార్ ఒకరు స్పిట్‌ఫైర్ కొన్నారు. "ఇంజన్ గడియారంలా ఉంది" అని అమ్మినాయన చెప్పిండట, నిజమే, ఉంది. డోర్ల కింది రేకు పుచ్చింది. ఎక్కడో చూపిస్తే, ఏ సపోర్టూ పెట్టకుండా రెండు వైపులా ఒకేసారి కోసేశారు. బండి నడుమిరిగి కిందికి కుంగింది. నా దగ్గరికి వచ్చేసరికి డోరు వేస్తే పడడం లేదు, పడితే తెరుచుకోవడం లేదు. ఆ సార్ నా ముందు కూర్చుని "పిల్ల పెండ్లికి దాచిన పైసలు కొన్ని ఇండ్లనే పెట్టిన తమ్మీ" అన్నారు. ఆయన్ను ఏమనగలను? ముందుగా డోరు ఖాళీల్లో అడ్డంగా ఇనుప పైపులు వెల్డింగ్ చేసి, ఒకవైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోవాలి. ఆ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. పదకొండు నెలలు పట్టింది.

కొనడానికి పోయినప్పుడు బానెట్ ఎత్తకండి, నేల మీద పడుకోండి. బట్టలో చుట్టిన అయస్కాంతం డోర్ల కింద, చక్రాల పైన, లైట్ల చుట్టూ ఆనించండి. అంటుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. స్క్రూ డ్రైవర్‌తో ఛాసిస్ పొడిచి చూడండి, ముఖ్యంగా వెనక కొసలు, పక్కలకు చాచిన చేతులు. డోరు తెరిచి పైకి ఎత్తండి, అది వేలాడే స్తంభంతో సహా కదిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఓనర్ ఒప్పుకోకపోతే అదే జవాబు. చల్లారిన ఇంజన్ చచ్చి ఉన్నా పరవాలేదు. రేకు గట్టిగా ఉన్న జామైన బండికి నేను సంతోషంగా అడ్వాన్స్ ఇస్తాను.

అపోహ: పదిహేనేళ్లు దాటిన బండి ఇంట్లో ఉంటే నేరం, తుక్కుకు వేయాల్సిందే.

ఈ పుకారు విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. డీజిల్‌కు పదేళ్లు, పెట్రోల్‌కు పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతం గురించిన కోర్టు ఆదేశాల సంగతి. మన దగ్గర సొంత కారు ఆర్సీ పదిహేనేళ్లకు ముగిస్తే, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. రెన్యువల్ ఆలస్యమైనందుకు రుసుము పడుతుంది. కాజీపేటలో ఒక అమ్మ, భర్త పోయి మూడేళ్లు, ఆయన ప్రీమియర్ పద్మిని ఇంటి ముందు ఉంది. పాత ఇనుపసామాన్ల వాళ్లు వచ్చి "పోలీసోళ్లు కేసు పెడ్తరమ్మా" అని భయపెట్టి ఐదు వేలు చేతిలో పెట్టి పోయారు. ఆమె ఫోన్లో ఏడుస్తూ అడిగితే, వాపసు ఇచ్చేయమన్నాను. ఓనర్ చనిపోతే ఫారం 31తో, మరణ ధ్రువపత్రం, వారసుల కాగితాలతో పేరు మారుతుంది. భయపడాల్సిన పని కాదు, తిరగాల్సిన పని.

యాభై ఏళ్లు దాటినదైతే ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5,000. నంబర్‌లో 'వీఏ' వస్తుంది, ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే రోజూ ఆఫీసుకు వేసుకుపోవడానికి కాదు, ర్యాలీలకు, ప్రదర్శనలకు, మెయింటెనెన్స్‌కు. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. డీజిల్ ఇంజన్ ఎక్కించిన ఫియట్‌లు మన దిక్కు చాలా ఉన్నాయి. అలా ఎక్కించినవాళ్ల అవసరం నాకు తెలుసు, తప్పు పట్టను, కానీ అవి ఈ దారిలో రావు.

అపోహ: స్పేర్లు దొరకవు. హెరాల్డ్‌వి, స్పిట్‌ఫైర్‌వి ఇంగ్లండ్‌లో ఇంకా కొత్తవి చేస్తున్నారు. ఫియట్‌వి ఓపికగా తిరిగితే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, చెన్నై పుదుపేటలో దొరుకుతాయి. దొరకనిది మంచి టింకర్, అంటే రేకు పని మేస్త్రీ.

అపోహ: ఎక్కడైనా గ్రీజు కొడితే మంచిదే. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ ముందు చక్రాలను మోసే కీలు అడుగున ట్రనియన్ అని ఇత్తడి రంగు ముక్క ఉంటుంది. దానికి 90 నంబర్ గేర్ ఆయిలే పోయాలి. గ్రీజు గట్టిపడితే లోపల మర అరిగి, ఒకరోజు మలుపులో చక్రం ఒరిగి పడిపోతుంది. మా షెడ్డుకు వచ్చే ప్రతి హెరాల్డ్‌కూ నేను మొదట చూసేది అదే.

అపోహ: బాగు చేసి అమ్మితే లక్షల లాభం. రాదు. ఇష్టంతో చేయండి, అప్పు తెచ్చి మాత్రం వద్దు.

పెట్రోల్ గురించి: ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసినది వస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి చిట్లుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు ముందే వేయండి.

కొట్టంలో బండి ఉందని ఫోన్ చేసేవాళ్లు ఈ నాలుగు ఫోటోలు తీసి ఉంచండి: డోర్ల కింది అంచు, కార్పెట్ ఎత్తి లోపలి నేల, వెనక చక్రాల దగ్గర ఛాసిస్, ఆర్సీ మీది ఛాసిస్ నంబర్. కొట్టంలో చేయి పెట్టేముందు కర్రతో తట్టండి, సీట్ల కింద పాములుంటాయి. బ్యాటరీ ఇంకా కొనకండి.