'ఒకసారి చూడొచ్చు' అన్న మాట వెనక కథ

సినిమానో సిరీసునో ఇంట్లో కూర్చుని చూసినవాళ్ళు చెప్పే మాట ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. "మొదటి రెండు ఎపిసోడ్లు లాగాడు, మూడోదాంట్లో కథ అందుకుంది. ఆఖరిది చూసేసరికి తెల్లారిపోయింది." లేదంటే, "సగం దాకా చూసి నిద్రపోయాను, పొద్దున లేచాక మిగతాది చూడాలనిపించలేదు." విమర్శకులు ఇలా రాయరు. కానీ ఇవాళ రాత్రి ఏం చూడాలో తేల్చుకోవాల్సిన మనిషికి ఇంతకంటే పనికొచ్చే మాట ఉంటుందని నేననుకోను. ఎక్కడ విసుగొచ్చిందో, ఎందుకు ఆపేశారో అందులోనే ఉంటుంది. తెరమీద కనిపించే రేటింగుకీ మన అనుభవానికీ ఎందుకు పొసగదో తెలియాలంటే, ఈ మాట ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడాలి.

మొదట్లో దీనికి పెద్దగా పనే లేదు. 1961లో అమెరికాలో ఎన్‌బీసీ టీవీ శనివారం రాత్రుళ్ళు హాలీవుడ్ సినిమాలు వేయడం మొదలుపెట్టింది. చూసినవాళ్ళు మర్నాడు దాని గురించి మాట్లాడుకునేవాళ్ళు, అంతే. "చాలా బాగుంది, చూడు" అంటే అవతలివాడు ఎక్కడని చూస్తాడు? మళ్ళీ ఎప్పుడు వేస్తారో ఎవరికి తెలుసు? ఇక చానెళ్ళకు కావలసింది లెక్క. నీల్సన్ సంస్థ 1950 నుంచి టీవీ సెట్లకు మీటర్లు తగిలించి, ఏ చానెల్ పెట్టారో రికార్డు చేసేది. సెట్టు ముందు మనిషి కళ్ళప్పగించి చూస్తున్నాడో, కుర్చీలోనే గుర్రుపెడుతున్నాడో ఆ మీటరుకు తెలియదు. బ్రిటన్‌లో బీబీసీ కొంత నయం. రేడియో రోజుల్లోనే, 1936లో, రాబర్ట్ సిల్వీ ఆధ్వర్యంలో శ్రోతల అభిప్రాయాలు తెలుసుకునే విభాగం పెట్టింది. ఎంతమంది విన్నారన్నదే కాక, ఎంత నచ్చిందో కూడా వందకు లెక్కగట్టే పద్ధతి తర్వాత అక్కడే వచ్చింది. ఈ రెండు ప్రశ్నలూ వేరని అంత ముందుగా గుర్తించినందుకు వాళ్ళని మెచ్చుకోవాలి.

ఇంట్లో రికార్డు చేసుకునే వీడియో టేపు వచ్చాక అసలు మార్పు వచ్చింది. 1975లో సోనీ బీటామ్యాక్స్, మరుసటేడు జేవీసీ వారి వీహెచ్ఎస్. టీవీలో వచ్చేదాన్ని ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పంటూ యూనివర్సల్, డిస్నీ కోర్టుకెక్కాయి. తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకుంటే తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరిలో చెప్పింది. అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకోవైపు. ఇంకొక్క జడ్జి అటు మొగ్గి ఉంటే కథ వేరేలా ఉండేది.

టేపుతో "చూడు" అన్న మాట సలహా అయింది, ఎందుకంటే అవతలివాడు నిజంగానే తెచ్చుకుని చూడగలడు. ఇంకోటి, చూసేవాడి చేతికి బటన్లు వచ్చాయి. హాల్లో టికెట్టు కొన్నాక లేచి రావడానికి మనసొప్పదు, పక్కవాళ్ళని దాటుకుని రావాలి కూడా. ఇంట్లో ఆపేస్తే అడిగేవాడు లేడు. "మధ్యలో అరగంట ఫార్వర్డ్ చేశా", "వెనక్కి తిప్పి మళ్ళీ చూశా" అన్న మాటలు అప్పుడు పుట్టినవే. నా దృష్టిలో ఇంటి ప్రేక్షకుడి అభిప్రాయానికి సొంత భాష అక్కడే దొరికింది.

ఆ భాష అంకెలోకి మారడం ఇంటర్నెట్‌తో జరిగింది. చూసిన సినిమాల వివరాలు రాసిపెట్టుకునే అలవాటున్న ఇంగ్లండు కుర్రాడు కాల్ నీధమ్, 1990 అక్టోబరులో యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో పెట్టిన జాబితాలే తర్వాత ఐఎండీబీ అనే సినిమా వివరాల వెబ్‌సైట్ అయ్యాయి. 1998లో అమెజాన్ దాన్ని కొంది. ఒకటి నుంచి పది దాకా మార్కులు, వాటన్నిటికీ కలిపి ఒక సగటు. "మొదట బోర్, తర్వాత అదిరింది" అన్నదీ, "మొదట అదిరింది, తర్వాత బోర్" అన్నదీ అక్కడ ఒకే ఆరు.

ఆ అంకెలతో మన ఇష్టాన్ని ముందే చెప్పేయొచ్చని నెట్‌ఫ్లిక్స్ నమ్మింది. అప్పటికి అది పోస్టులో డీవీడీలు పంపే కంపెనీ. 2006లో పోటీ పెట్టింది: మా అంచనాని 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు. సుమారు 4 లక్షల 80 వేల మంది 17,770 సినిమాలకు ఇచ్చిన 10 కోట్లకు పైగా రేటింగులు పోటీదారుల ముందుంచింది. ఆ పోటీలో అందరినీ ఏడిపించిన సినిమా ఒకటుంది, 2004లో వచ్చిన 'నెపోలియన్ డైనమైట్'. వింత కుర్రాడి వింత కామెడీ. అయిదు నక్షత్రాల్లో అయితే ఒకటి, లేకపోతే అయిదు, మధ్యలో ఇచ్చేవాళ్ళు తక్కువ. మిగతా సినిమాలన్నిట్లో రుచులు కలిసిన ఇద్దరు ఇక్కడికొచ్చేసరికి విడిపోయేవారు. ఎందుకో చెప్పమంటే ఆ ఇద్దరూ రెండు వాక్యాల్లో చెప్పగలరు. ఆ వాక్యాలు మాత్రం పోటీదారులకిచ్చిన డేటాలో లేవు.

2009లో ఒక జట్టు 10 శాతం గీత దాటి బహుమతి గెలిచింది. ఈలోగా పేర్లు తీసేసిన ఆ రేటింగులనే ఐఎండీబీలో బహిరంగంగా ఉన్నవాటితో పోల్చి, కొందరు చందాదారులు ఎవరో పట్టుకోవచ్చని అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ అనే పరిశోధకులు నిరూపించారు. గోప్యత మీద గొడవలు ముదిరి, రెండో పోటీ 2010లో ఆగిపోయింది. గెలిచిన పద్ధతిని కూడా నెట్‌ఫ్లిక్స్ పూర్తిగా వాడలేదు. స్ట్రీమింగ్ వచ్చేసింది, ఎవరు ఏ నిమిషంలో ఆపేశారో దానికే నేరుగా తెలుస్తోంది. ఇక మార్కులతో పనేముంది?

2017లో అయిదు నక్షత్రాలు తీసేసి, పైకీ కిందికీ బొటనవేళ్ళు పెట్టారు. ఆ నక్షత్రాలు అందరి సగటు అని చాలామంది అనుకునేవారు. నిజానికవి 'మీకు ఇది ఇంత నచ్చవచ్చు' అన్న అంచనా, ఒక్కొక్కరికీ వేరు. 2022లో 'చాలా నచ్చింది' అనడానికి జంట బొటనవేళ్ళు చేర్చారు. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది, ఎంతమంది చూశారో చెప్పడానికి 2020 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన లెక్క. అంతకుముందు సినిమాలో 70 శాతం చూస్తేనే చూసినట్టు. అప్పట్నుంచి రెండు నిమిషాలు చూసినా చూసినట్టే. మరుసటేడు చివర్లో దాన్ని వదిలేసి చూసిన గంటల లెక్కకి మారారు గానీ, దాదాపు రెండేళ్ళపాటు, మూడో నిమిషంలో విసుగొచ్చి ఆపేసిన మనిషీ, కన్నీళ్ళతో ఆఖరి దాకా చూసిన మనిషీ ఆ లెక్కలో ఒకటే అయ్యారు.

ఇవాళ్టికీ "ఒకసారి చూడొచ్చు" అన్నదానికి ఏ వేలు నొక్కాలో నాకు తేలదు. పైకి నొక్కితే అలాంటివే మరో పది వరసగా వచ్చి కూర్చుంటాయి, కిందికి నొక్కితే సినిమాకి అన్యాయం. చూసిన సినిమాలు రాసిపెట్టుకునే వెబ్‌సైట్, న్యూజిలాండ్‌లో 2011లో మొదలైన లెటర్‌బాక్స్‌డ్‌లో చూసిన తేదీ, మొదటిసారో మళ్ళీనో రాసుకునే డైరీ ఉంది. అర నక్షత్రం కూడా ఇవ్వొచ్చు. నేను మాత్రం నక్షత్రాలు ఖాళీగా వదిలేసి, ఏ సీను దగ్గర లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళానో, వెళ్ళేముందు పాజ్ నొక్కానో లేదో రాస్తాను.