బఫర్ వదిలే ముందు ఆ ‘ఇఫ్’ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రం పూట నలుగురైదుగురు కుర్రాళ్లతో కూర్చుని లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోడ్ చదివిస్తుంటాను. ఫైల్‌సిస్టమ్ పాఠం రాగానే ఏటా ఒకే తగవు: బఫర్ (డిస్కు బ్లాకును మెమరీలో ఉంచుకునే చోటు) పాయింటర్ నల్ (దేన్నీ చూపని ఖాళీ విలువ) కాదని ‘ఇఫ్’తో చూసుకుని మరీ, బఫర్‌ను వదిలే ‘బీరిలీజ్’ ఫంక్షన్‌ను పిలిచే ఆ వరుస ఉండాలా, పోవాలా?

అపోహ: “ఉంటే నష్టమేముంది సార్, భద్రమే కదా!”

వాస్తవం: ఆ పరీక్ష బీరిలీజ్ లోపలే ఉంది. నల్ అందితే ఏమీ చేయకుండా తిరిగి వచ్చేస్తుంది. వాడుకున్నదాన్ని వదిలేసే బీఫర్గెట్, కేఫ్రీ, ఐపుట్ ఫంక్షన్లదీ ఇదే పద్ధతి. మిర్చి యార్డు గేటులో చూసిన చీటీని పది అడుగులు వేశాక మళ్లీ అడిగితే లారీ ఆగడమే మిగులుతుంది. పైగా ఆ ‘ఇఫ్’ చదివేవారిని తప్పుదారి పట్టిస్తుంది. ఇక్కడ బఫర్ నల్ అయ్యే దారి ఏదో ఉందనుకుని, లేని దారిని వెతుకుతూ కూర్చుంటారు. నేనూ కూర్చున్నాను.

అపోహ: తీసేస్తే వేగం పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. బీరిలీజ్ ఇన్‌లైన్ ఫంక్షన్, అంటే పిలిచిన చోటే దాని కోడ్ ఇమిడిపోతుంది. రెండు పరీక్షలనూ, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే ఒకటిగా కలిపేస్తుంది.

అపోహ: అయితే నల్ పరీక్షలన్నీ ఏరిపారేయవచ్చు.

వాస్తవం: చేతులు కాలేది ఇక్కడే. ‘పుట్ బీహెచ్’ చూపులకు బీరిలీజ్ తోబుట్టువే, అదీ బఫర్‌ను ఎందరు వాడుతున్నారనే లెక్కను ఒకటి తగ్గిస్తుంది. అందింది నల్ అవునో కాదో మాత్రం చూసుకోదు. ఒకసారి నేను వెతికి మార్చే ఆదేశం ఒకటి రాసి, రెంటి ముందున్న పరీక్షలనూ ఊడ్చేశాను. వారం రోజులు అంతా సవ్యంగానే నడిచింది. పాడైన డిస్కు ఇమేజీని మౌంట్ చేసిన రోజున కెర్నల్ కూలింది. డిస్కు నుంచి బ్లాకును చదివే ‘ఎస్‌బీ బీరీడ్’, చదవలేకపోతే నల్ ఇస్తుంది కాబట్టి, దాని వెంట ఉండే పరీక్షను ముట్టుకోకూడదు.

పరీక్ష ఎక్కడ ఉందో కూడా చూడాలి. 2009లో బయటపడిన టన్ డ్రైవర్ (వర్చువల్ నెట్‌వర్క్ పరికరాన్ని నడిపే కెర్నల్ కోడ్) లోపం ఇలాంటిదే. పాయింటర్‌ను ముందు వాడి, తర్వాత నల్ అవునో కాదో చూశారు. వాడేశారు కాబట్టి నల్ కాదులే అని కంపైలర్ ఆ పరీక్షనే తొలగించింది. చివరికది భద్రతా లోపమై కూర్చుంది. అలాంటి పరీక్షలను తొలగించవద్దని కంపైలర్‌కు చెప్పే ఆప్షన్‌తోనే ఆ తర్వాత నుంచి కెర్నల్‌ను నిర్మిస్తున్నారు.

అపోహ: కాక్సినెల్ (కోడ్‌లో నమూనాలను వెతికే సాధనం) చూపించిందంటే తీసేయడమే.

వాస్తవం: కాక్సినెల్ మనం రాసిచ్చిన నమూనాకు సరిపోయే చోట్లను చూపిస్తుంది, అంతే. నమూనా తప్పితే జాబితా అంతా తప్పే. నేనైతే పిలిచే ఫంక్షన్ నిర్వచనాన్ని ప్రతిసారీ తెరిచి చదువుతాను. బీరిలీజ్‌ది మరీ చిన్నది, టీ చల్లారేలోపు రెండుసార్లు చదవవచ్చు.