భీమవరం ప్రశ్న ఏ జిల్లా పేరు కింద దొరుకుతుంది?

భీమవరం తాలూకా నీటితీరువా గురించి వందేళ్ల కిందట చట్టసభలో ఎవరైనా ప్రశ్న వేశారా అని పాత చర్చల సంపుటాల్లో వెతకదలచినవారు, ముందుగా ఆ తాలూకా అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోవాలి. మొదట గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతాన్ని 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న భీమవరమే ఆ జిల్లాకు కేంద్రమైంది. స్కాన్ చేసిన సంపుటాల్లో అక్షరాన్ని ఉన్నదున్నట్టు పోల్చి వెతికే యంత్రానికి ఈ సంగతులు తెలియవు. కాకినాడ అని అడిగితే ఆనాటి ఇంగ్లీషు ప్రతుల్లోని ‘కోకనాడ’ దానికి దొరకదు.

సభ కూడా ఒకచోట నిలవలేదు. 1861 నాటి చట్టంతో రూపు దిద్దుకున్న మద్రాసు శాసన మండలి 1937లో రెండు సభలుగా విస్తరించింది. శాసనసభకు అప్పుడు స్పీకరైన బులుసు సాంబమూర్తి తూర్పు గోదావరి జిల్లా దుళ్లలో పుట్టినవారు; జమీందారీ రైతుల కష్టాలను విచారించిన ప్రకాశం కమిటీ 1938లో నివేదిక ఇచ్చింది ఆయన హయాంలోనే. డెల్టా అంచుల్లో ఎస్టేట్ల కింద సేద్యం చేసిన కుటుంబాల చరిత్రకు ఇలాంటి పత్రాలకు సాటి వచ్చే ఆధారాలు తక్కువ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. 1956లో సభ హైదరాబాదుకు, విభజన తర్వాత 2017 మార్చిలో వెలగపూడికి మారింది. ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది కనుక దాని సంపుటాల వరుసలో 22 ఏళ్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ పోయిన పుస్తకాలది కాదని సూచికలోనే రాసి పెట్టకపోతే రేపటి పరిశోధకులు పొరబడతారు.

తెలుగు పాఠానిది మరో చిక్కు. యూనికోడ్ రాకముందు డీటీపీలో వాడిన అను వంటి ఫాంట్లతో చేసిన ఫైలు తెరపై తెలుగులాగే కనిపించినా, మార్పిడి చేయనిదే వెతుకులాటకు అందదు.

పార్లమెంటు తన పాత చర్చలను డిజిటల్ గ్రంథాలయంగా అందరికీ తెరిచింది. రాష్ట్ర సభలను కాగితరహితం చేసే ‘నేవా’ (నేషనల్ ఇ-విధాన్ అప్లికేషన్) ప్రధానంగా నేటి కార్యకలాపాల కోసం వచ్చినది. పాత సంపుటాలకు కావలసింది నిదానమైన పని: పెళుసుబారిన పుటలను ముందుగా బాగుచేయాలి, స్కాన్ చేసిన తర్వాత కూడా మూలప్రతిని భద్రపరచాలి, ప్రతి చర్చకూ తేదీ, సభ, సభ్యుడి నియోజకవర్గం, ఊరి పాత కొత్త పేర్లు జతచేయాలి. ఈ చివరి పనిలో డెల్టా భూములు, కాలువలు ఎరిగినవారు తప్పక ఉండాలని నా గట్టి అభిప్రాయం. ప్రసంగంలో ‘లంక’ అని ఉంటే అది గోదావరి పాయల నడుమ మేటవేసిన సాగుభూమి అని, సముద్రం అవతలి దేశం కాదని చూడగానే పోల్చుకోగలిగేది వారే.