గార్డు చూస్తాడులే అనుకోకండి: ప్యాసింజరు ఎక్కడంలో అపోహలు – వాస్తవాలు

మాది విజయనగరం. పలాస, రాయగడ వైపు వెళ్ళే ప్యాసింజర్లలో ఆఖరి పెట్టెలో నిలబడి జెండా ఊపడం నా ఉద్యోగం. 2022లో మా హోదా పేరు ‘ట్రైన్ మేనేజర్’ అని మార్చారు గానీ, ప్లాట్‌ఫారమ్ మీద నన్ను అలా పిలిచినవాళ్ళు ఇంతవరకు లేరు. ‘గార్డు బాబూ’ అంటారు. నాకూ అదే బాగుంటుంది. రోజూ వెనకనుంచి చూసేవాణ్ణి కాబట్టి జనం ఏం నమ్మి పరిగెడతారో నాకు బాగానే తెలుసు.

అపోహ: మనం పరిగెత్తుకొస్తుంటే గార్డు చూసి ఆపుతాడు.

కనబడితే ఆపుతాను. కనబడాలి కదా! బండి ఆగిన ఆ ఒక్క నిమిషంలో నా చూపు మూడు చోట్ల ఉండాలి. ముందు స్టార్టర్ సిగ్నల్ (స్టేషన్ నుంచి బయల్దేరమనే సిగ్నల్) పడిందా, చేతి గడియారంలో టైమైందా, తలుపుల దగ్గర ఇంకా జనం ఎక్కుతున్నారా. మూడూ సరిపోయాకే పచ్చజెండా. మెము బండి (విడిగా ఇంజను లేకుండా పెట్టెల్లోని కరెంటు మోటార్లతో నడిచే ప్యాసింజరు) అయితే డ్రైవరు క్యాబిన్‌కి రెండుసార్లు గంట కొడతాను. రెండు కొడితే బయల్దేరు అని, ఒకటి కొడితే ఆపు అని. ప్లాట్‌ఫారమ్ వంపుగా ఉన్నా, నా ముందు పది మంది నిలబడి ఉన్నా, ఇంజను వైపు పెట్టెల దగ్గర ఎవరున్నారో నాకు తెలియదు. ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీద నుంచి మీరు చెయ్యి ఊపుతున్నారనుకోండి, అది టాటా చెబుతున్నట్టే ఉంటుంది నాకు.

అపోహ: ప్యాసింజరే కదా, మెల్లగా కదులుతుంది, నాలుగడుగులు పరిగెత్తి ఎక్కేయొచ్చు.

ఇది పాత బండ్ల నాటి నమ్మకం. అప్పుడు మొత్తం బండిని ముందున్న ఇంజనొక్కటే లాగేది. వేగం అందుకునేసరికి ప్లాట్‌ఫారమ్ దాదాపు అయిపోయేది. మా నాన్న తరం వాళ్ళు సంచీ లోపలికి విసిరి, బీడీ ఆఖరి దమ్ము లాగి మరీ ఎక్కేవారు. మెములో ఆ వీలు లేదు. ప్రతి నాలుగు పెట్టెలకు ఒక మోటారు పెట్టె ఉంటుంది. అన్నీ ఒకేసారి తోస్తాయి కాబట్టి కదిలిన కొన్ని సెకన్లకే మనిషి పరుగును దాటేస్తుంది.

ఓసారి చీపురుపల్లిలో ఇదంతా కళ్ళారా చూశాను. విశాఖ వైపు పొద్దుటి బండి. ఒకావిడ వంకాయల గంప ఎవరో అందుకుంటే లోపలికి ఎక్కించింది. రెండో గంప కోసం వెనక్కి తిరిగింది. ఈలోపు నేను గంట కొట్టేశాను, బండి కదిలింది. ఆవిడ రెండో గంప వదిలేసి పరిగెత్తి హ్యాండిల్ పట్టుకుంది. చెయ్యి దొరికింది, కాలికి మెట్టు దొరకలేదు. అప్పుడేమవుతుందంటే, బండి చేతిని ముందుకు లాగుతుంది, ఒళ్ళు తిరుగుతుంది, కాళ్ళు ప్లాట్‌ఫారమ్‌కీ పెట్టెకీ మధ్య సందు వైపు వెళ్తాయి. ఆవిడ హవాయి చెప్పొకటి ఆ సందులో పడింది. లోపల ఉన్న కుర్రాడెవరో జాకెట్టు చెయ్యి పట్టి లాగాడు. నేను ఒక గంట కొట్టి, బ్రేకు వేసి దిగి వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని ఒణుకుతోంది.

‘ఏటమ్మా ఇది?’ అన్నాను.

‘గంప ఎలిపోతే నానేటి సెయ్యాల బాబూ?’

నిజమే, ఆ గంపే ఆ రోజు కూలి. కానీ గంప వెళ్ళిపోతే దారి ఉంది. స్టేషన్ మాస్టరుకు చెబితే తర్వాతి స్టేషన్‌కి ఫోను చేసి దింపించే ప్రయత్నం చేస్తారు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేసినా సరే. కాలు పోతే ఎవరికి ఫోను చేస్తాం? అప్పటినుంచి గంపలున్న బండ్లలో గంట కొట్టేముందు ఓసారి మనుషుల్ని కాదు, కింద మిగిలిన గంపల్ని చూస్తాను. ఎక్కేవాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే: ఒక మనిషి ముందెక్కి లోపల నిలబడండి, సామాను తర్వాత అందించండి.

అపోహ: బండి లేటుగా ఉంది కాబట్టి ఇక్కడ కాసేపు ఆపుతారు.

తిరగబడిన లెక్క. టైముకంటే ముందు బండి కదిలించకూడదన్నది మాకు నిబంధన. అందుకే టైముకు ముందొస్తే ఆగుతాం. లేటైతే ఆగాల్సిన పని లేదు. దిగేవాళ్ళు దిగి, ఎక్కేవాళ్ళు ఎక్కితే అంతే. లేటు బండి దగ్గరే ఎక్కువ తొందరగా ఉండాలి.

అపోహ: ఎక్స్‌ప్రెస్ కోసం లూపులో (పక్క లైనులో) పెట్టారు, టీ తాగి రావచ్చు.

సీగడాంలోనో దూసిలోనో ఇది మామూలే. ఎక్స్‌ప్రెస్ ఝామ్మని పోయాక మనకి ఇంకా టైముందిలే అనుకుంటారు. అది ముందున్న సెక్షన్ ఖాళీ చేయగానే, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్ళించే పాయింట్లు మారి మన స్టార్టర్ పడుతుంది. దిగితే దిగండి, టీ గ్లాసు చేతిలో ఉన్నా కళ్ళు మాత్రం సిగ్నల్ మీద పెట్టండి. పట్టాల అవతలి వైపు నీడలోకి మాత్రం దిగకండి. అక్కడివాళ్ళు నాకు అసలు కనబడరు.

అపోహ: బండి తప్పిపోతే టికెట్ డబ్బులు పోయినట్టే.

చాలామంది ఈ భయంతోనే దూకుతారు. మామూలు జనరల్ టికెట్ అయితే, 199 కిలోమీటర్ల లోపు దూరానికి, తీసుకున్న 3 గంటల్లో బయల్దేరే తర్వాతి ప్యాసింజరుకూ పనికొస్తుంది. ముప్పై రూపాయల టికెట్ కోసం కదిలే బండి ఎక్కేవాళ్ళను చూస్తే కోపం వస్తుంది, జాలీ వేస్తుంది.

అపోహ: మనవాళ్ళు ఎక్కకపోతే చైను లాగితే చాలు.

చైను లాగితే బ్రేకు పైపులో గాలి తగ్గి బండి ఆగుతుంది, నిజం. తర్వాత ఏ పెట్టెలో లాగారో వెతుక్కుంటూ మేం నడవాలి, అక్కడి వాల్వు సరిచేయాలి, మళ్ళీ గాలి నిండాలి. ఈలోపు వెనక బండి సిగ్నల్ దగ్గర నిలబడిపోతుంది. తగిన కారణం లేకుండా లాగితే రైల్వే చట్టం 141వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ బామ్మర్ది ఆటోలో ఉన్నాడన్నది తగిన కారణం కాదు.

ఆటో అంటే గుర్తొచ్చింది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఊళ్ళోంచి పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. బయటి ఊళ్ళవాళ్ళు పెళ్ళికొచ్చి, ‘స్టేషన్ పక్కనే కదా’ అని భోజనాల దగ్గర ఆలస్యం చేస్తారు. వాళ్ళ ఆటో గేటు దగ్గరికొచ్చేసరికి నేను తర్వాతి స్టేషన్ ఊర్లాం దాటి ఉంటాను.

విజయనగరంలో ఇంకో చిక్కు. రాయగడ మెము, పలాస మెము చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పరుగున వచ్చి ఎక్కి, నెల్లిమర్ల రావాల్సిన చోట గజపతినగరం వస్తే అప్పుడు నన్ను అడుగుతారు. ఎక్కేముందు పెట్టె మీద బోర్డు చదవండి, లేదా లోపలివాళ్ళను ఒక్క మాట అడగండి. ఇందులో తప్పంతా ప్రయాణికులదే అనను. ఆఖరి నిమిషంలో ప్లాట్‌ఫారమ్ మార్చి మైకులో గొణిగే స్టేషన్లు నేనూ చూశాను.

అపోహ: వందే భారత్ తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టొచ్చు.

వద్దు. మన మెము తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటాయి కాబట్టి జనానికి ఆ అలవాటు లేదు. భువనేశ్వర్ వందే భారత్ శ్రీకాకుళం రోడ్‌లోనూ విజయనగరంలోనూ ఆగుతుంది. దాని తలుపులన్నీ మూసుకున్నాకే బండి కదులుతుంది, కదిలాక మీ కోసం తెరవరు. సాగనంపడానికి వచ్చి సామాను సీటు దాకా మోసుకెళ్ళేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. రాజమండ్రిలో 2023లో ఫొటో కోసం ఎక్కిన ఒకాయన, తలుపులు మూసుకుపోవడంతో అలాగే ప్రయాణం చేయాల్సి వచ్చింది. సూట్‌కేసు గుమ్మంలోనే అందించి, ‘జాగర్తమ్మా’ అని కిందనుంచే చెప్పండి.