ఎడ్‌బర్గ్ సర్వ్ ఎందుకు నెమ్మదిగా వేసేవాడు?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా అబ్బాయికి పాత వింబుల్డన్ మ్యాచ్‌ల పిచ్చి. వాడు సర్వ్ చేసి నెట్ మీదికి పరిగెడితే కోచ్ కేకలేస్తున్నారు. అది అంత తప్పు ఆటే అయితే సాంప్రాస్ ఏడుసార్లు వింబుల్డన్ ఎలా గెలిచాడండీ?"

తప్పు ఆట కాదు. సర్వ్ చేసి వెంటనే నెట్ దగ్గరికి పరిగెత్తి, తిరిగొచ్చే బంతిని నేల తాకకముందే కొట్టే ఈ ఆటను సర్వ్ అండ్ వాలీ అంటారు. టెన్నిస్‌లో అంత అందమైన లెక్క ఉన్న ఆట నాకు ఇంకోటి కనబడలేదు. నియమాలూ స్కోరూ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా ఆ లెక్కలోకి వెళ్దాం.

తాటాకు విసనకర్ర గుర్తు తెచ్చుకోండి. పిడి దగ్గర సన్నం, అంచు దగ్గర వెడల్పు. సర్వ్‌ను ఎదుర్కొనేవాడు పిడి దగ్గర ఉన్నాడు. అతను బంతిని పంపగల దారులన్నీ ఆకులా విచ్చుకుంటూ వచ్చి, 23.77 మీటర్ల అవతల ఉన్న బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) దగ్గర 8.23 మీటర్ల వెడల్పవుతాయి. సింగిల్స్ కోర్టు వెడల్పు అదే. సర్వ్ చేసినవాడు అంచు దగ్గరే ఉండిపోతే ఆ వెడల్పంతా కాచుకోవాలి. అదే నెట్‌కు రెండున్నర మీటర్ల దాకా వచ్చాడనుకోండి, అక్కడ విసనకర్ర వెడల్పు 5 మీటర్లే. చెయ్యి, రాకెట్, ఒక్క పెద్ద అంగ కలిపితే అటు రెండున్నర, ఇటు రెండున్నర. దారులన్నీ మూసుకుపోయాయి! తలమీదుగా లేపే లాబ్ ఒక్కటే మిగిలింది. ముందుకు వేసే ప్రతి మీటరుకూ విసనకర్ర 35 సెంటీమీటర్లు ముడుచుకుంటుంది, అంటే సుమారు సగం రాకెట్ పొడవు.

పిడి పక్కకు జరిగితే విసనకర్ర మొత్తం తిరుగుతుంది. సర్వ్ ఎదుటివాడిని తన కుడిపక్కకు లాగితే, అతని దారుల నడిమి గీత కోర్టు మధ్య గీత మీద ఉండదు, బంతి వెళ్ళిన పక్కకే ఒరుగుతుంది. అందుకే పాత ఛాంపియన్లు సర్వ్ తర్వాత కోర్టు మధ్యకు కాక బంతి వెనకాలే పరిగెత్తేవారు. ఇది తొమ్మిదో తరగతి కోణ సమద్విఖండన రేఖే. దాన్ని బోర్డు మీద గీసి మార్కులు వేసే బదులు ఒక్కసారి టెన్నిస్ కోర్టులో సున్నంతో గీసి చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు.

సరే, నెట్ దాకా చేరడానికి టైమ్ ఎక్కడిది? నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. గంటకు 200 కిలోమీటర్ల సర్వ్ గాలి రాపిడికీ నేల దెబ్బకీ వేగం పోగొట్టుకున్నా, ఎదుటివాడి రాకెట్‌ను చేరడానికి సుమారు 0.6 సెకన్లే పడుతుంది. 150తో బయల్దేరిన కిక్ సర్వ్‌కు, అంటే బాగా స్పిన్ ఇచ్చి నేల తాకాక ఎత్తుకు లేచేలా వేసే సర్వ్‌కు, దాదాపు 0.85. తేడా పావు సెకను. సెకనుకు 5 మీటర్లు పరిగెత్తేవాడికి పావు సెకనంటే మీటరుంపావు, అంటే విసనకర్ర మరో 43 సెంటీమీటర్లు ముడుచుకున్నట్టు. నెమ్మదైన సర్వ్ వేసినవాడే నెట్‌కు దగ్గరగా చేరతాడు!

స్వీడన్ ఆటగాడు స్టెఫాన్ ఎడ్‌బర్గ్ ఆట నిలబడింది ఈ పావు సెకను మీదే. బంతిని కాస్త వెనక్కి ఎగరేసి, నడుము విల్లులా వంచి, కింది నుంచి పైకి గీరినట్టు కొట్టేవాడు. ఎడమకాలు కోర్టు లోపల పడేసరికే ఒళ్ళంతా ముందుకు తూగి ఉండేది. సర్వ్‌కూ వాలీకీ ఒకటే పట్టు (కాంటినెంటల్ అంటారు, సుత్తి పట్టుకున్నట్టు), చేతిలో రాకెట్ తిప్పుకోవాల్సిన పని లేదు. బంతి నేల తాకి కుడిచేతివాటం ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ వైపు భుజం ఎత్తుకు లేచేది. అతను దాన్ని కొట్టబోయే క్షణంలో ఎడ్‌బర్గ్ చిన్న గెంతు గెంతి రెండు కాళ్ళ మీదా దిగేవాడు, ఎటైనా దూకడానికి సిద్ధంగా. ఇది పచ్చిక మీదే చెల్లిందని అనుకోవద్దు. 1991 యూఎస్ ఓపెన్ ఫైనల్లో హార్డ్ కోర్టు మీద జిమ్ కూరియర్‌ను 6-2, 6-4, 6-0తో ఓడించాడు. ఇదే బాటలో నడిచిన ప్యాట్ రాఫ్టర్ 1998లో చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో టైటిల్ గెలిచాడు. ఆ చెన్నై వాడే అయిన విజయ్ అమృత్‌రాజ్ 1974లో యూఎస్ ఓపెన్ అప్పట్లో జరిగిన ఫారెస్ట్ హిల్స్ పచ్చిక మీద స్వీడన్ దిగ్గజం బోర్గ్‌నే ఓడించాడు. తొమ్మిది వింబుల్డన్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచిన నవ్రతిలోవా పేరు లేకుండా ఈ ఆట గురించి మాట్లాడటం మాత్రం అన్యాయం.

చెన్నై అంటే ఒక మూఢనమ్మకం గుర్తొచ్చింది. ఉక్కపోతలో గాలి బరువెక్కి బంతి కదలదని ఆటగాళ్ళు గట్టిగా నమ్ముతారు. నిజానికి తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. నీటి అణువు భారం 18 అయితే నైట్రోజన్‌ది 28, ఆక్సిజన్‌ది 32. బరువెక్కేది తేమ పీల్చుకున్న బంతి మీది నూగు. అసలు తేడా బెంగళూరులో ఉంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన గాలి సాంద్రత చెన్నై కంటే సుమారు 9 శాతం తక్కువ. రాపిడి తగ్గి బంతి త్వరగా చేరుతుంది. పైగా టాప్‌స్పిన్ బంతి (ముందుకు దొర్లినట్టు తిరిగేది) తన వెనక గాలిని పైకి తోస్తూ తాను కిందికి వంగుతుంది కదా, ఆ వంపూ అంతే తగ్గుతుంది. ఎత్తైన ఊళ్ళ కోసం ప్రత్యేక బంతులున్నా అవి 1,219 మీటర్లు దాటితేనే. కాబట్టి బెంగళూరు పిల్లవాడు మామూలు బంతితోనే కిక్ సర్వ్‌కు ఇంకాస్త స్పిన్ కలపాలి.

మరి ఈ ఆట ఎందుకు తగ్గిపోయింది? వింబుల్డన్ 2001లో పచ్చికను పూర్తిగా రైగ్రాస్‌కు మార్చిందని, బంతి ఎక్కువ లేస్తోందని చెబుతారు. 2002 ఫైనల్ హ్యూయిట్, నల్బాండియన్ అనే ఇద్దరు బేస్‌లైన్ ఆటగాళ్ళ (నెట్‌కు రాకుండా వెనకే ఉండి ఆడేవాళ్ళ) మధ్య జరిగింది కూడా. నా లెక్కలో పెద్ద దోషి రాకెట్‌కు కట్టే పాలియెస్టర్ తీగ. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ దానితోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. దెబ్బ తగలగానే ఆ తీగ పక్కకు జారి, టక్కున వెనక్కి వచ్చి బంతిని ఇంకా గట్టిగా తిప్పుతుంది. అలా తిరిగిన బంతి బేస్‌లైన్ దాకా పోనక్కర్లేదు, నెట్‌కూ బేస్‌లైన్‌కూ నడుమ ఉండే సర్వీస్ లైన్ దగ్గరే వాలిపోగలదు. అప్పుడు విసనకర్ర 8.23 మీటర్ల వెడల్పుకు విచ్చుకునేది 18.3 మీటర్ల దూరంలోనే. నెట్‌కు రెండున్నర మీటర్ల దగ్గర నిలబడ్డవాడు ఇప్పుడు 5 కాదు, దాదాపు ఆరున్నర మీటర్లు కాయాలి. చెయ్యి అంత సాగదు. మీ అబ్బాయి కోచ్ భయం ఇదే, అది నిజమైన భయమే.

అయినా పూర్తిగా మానేయమని నేను చెప్పను. రష్యా ఆటగాడు మెద్వెదెవ్ లాంటివాళ్ళు సర్వ్ అందుకోవడానికి బేస్‌లైన్‌కు చాలా వెనక్కి వెళ్తున్నారు. పిడి నాలుగు మీటర్లు వెనక్కి జరిగితే బంతి అతన్ని చేరడానికీ, తిరిగి రావడానికీ టైమ్ పెరుగుతుంది. సర్వ్ చేసినవాడు ఆ టైమ్‌లో నెట్‌కు మీటరున్నర దాకా రాగలడు. టాప్‌స్పిన్ సంగతి పక్కన పెడితే అక్కడ వెడల్పు మళ్ళీ 5 మీటర్ల చిల్లరే. బంతిని మెత్తగా నెట్ అవతల పడేస్తే, అవతలివాడు దాన్ని అందుకోవడానికి 14, 15 మీటర్లు పరిగెత్తుకు రావాలి. మెద్వెదెవ్ మీద స్పెయిన్ ఆటగాడు అల్కరాజ్ సర్వ్ చేసి నెట్‌కు వచ్చేది ఈ లెక్కతోనే.